మైల్డ్ సేఫ్టీ రేజర్‌కు ఏ బ్లేడు? నల్లగొండ, పాలమూరు వాళ్ల కోసం ఒక పోలిక

రెండువైపులా పదునుండే పలచని బ్లేడు పెట్టుకునే పాతకాలం సేఫ్టీ రేజర్ మళ్లీ ఇళ్లలోకి వస్తోంది. కార్ట్రిజ్‌ల ధర చూసి మారినవాళ్లు కొందరు. మెడ మీద దద్దుర్లు, మంట తట్టుకోలేక మారినవాళ్లు ఇంకొందరు. కొత్తగా మారేవాళ్లు సాధారణంగా మైల్డ్ రేజరే, అంటే బ్లేడు అంచు బయటికి పెద్దగా రాని మెత్తని రేజరే కొంటారు, కొనాల్సింది కూడా అదే. అసలు చిక్కు బ్లేడు దగ్గర మొదలవుతుంది. గడియారం సెంటర్‌లో జనరల్ స్టోర్‌కు పోతే నాలుగైదు రకాలు ముందు పెడతారు. ఆన్‌లైన్‌లో చూస్తే జపాన్, టర్కీ, ఈజిప్టు బ్లేడ్లు వరసగా కనిపిస్తాయి. ఏది తీసుకోవాలి?

నా మాట ముందే చెప్పేస్తాను. మైల్డ్ రేజర్‌కు పదునైన బ్లేడే పెట్టాలి. "రేజర్ మెత్తనిది, బ్లేడు కూడా మెత్తనిదైతే చర్మం అస్సలు కోసుకోదు" అనుకుని చాలామంది పదును తక్కువున్నది ఎంచుకుంటారు. గడ్డం సరిగా తెగక, చర్మం ఎర్రబడి, నెల తిరక్కుండానే రేజర్‌ను అటక మీద పడేస్తారు. ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే బ్లేడు ఎంచుకోవడం సగం తేలికవుతుంది.

## మీ రేజర్ మైల్డ్ అవునో కాదో

బ్లేడు బిగించిన రేజర్ తలను పక్కనుంచి వెలుతురుకు పెట్టి చూడండి. పైన మూత అంచుకూ, కింద చర్మానికి ఆనే కడ్డీ అంచుకూ మధ్య ఒక గీత ఉందనుకోండి. బ్లేడు అంచు ఆ గీత దాటి బయటికి వస్తే అది ఘాటు రేజర్. గీత మీదనో, గీతకు లోపలనో ఉంటే మైల్డ్. బ్లేడుకూ కడ్డీకీ మధ్య ఖాళీ ఎంతుందన్నదీ లెక్కే గానీ, బ్లేడు ఎంత బయటికి వచ్చిందన్నదే ఎక్కువ తేడా తెస్తుంది.

జర్మనీలోని జోలింగెన్‌లో తయారయ్యే మెర్కూర్ 34సీ, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ కంపెనీ ఎడ్విన్ జాగర్ డీఈ89, జపాన్ ఫెదర్ ఏఎస్-డీ2, పాత జిలెట్ టెక్ ఈ కోవలోకే వస్తాయి. ఫెదర్ ఏఎస్-డీ2 వీటన్నిటికంటే మెత్తన. పిడి తిప్పితే తల రెండు రెక్కల్లా తెరుచుకునే రేజర్లు మన దుకాణాల్లో తక్కువ ధరకే దొరుకుతాయి. వాటిలోనూ చాలావరకు మైల్డే.

మైల్డ్ రేజర్‌లో బ్లేడు చర్మానికి తగిలీ తగలనట్టు ఉంటుంది. కాబట్టి వెంట్రుక తెగాలంటే పూర్తిగా బ్లేడు పదును మీదే ఆధారపడాలి. పదును చాలకపోతే వెంట్రుక తెగడానికి బదులు వంగుతుంది, లాగుతుంది. అప్పుడు మన చెయ్యి తెలియకుండానే నొక్కుతుంది. నొక్కితే కడ్డీకీ మూతకీ మధ్యలోకి చర్మం ఉబ్బి వస్తుంది. ఒకే చోట మూడు నాలుగుసార్లు గీస్తాం. చర్మం మండేది ఈ నొక్కడం వల్లా, గీసినచోటే మళ్లీ మళ్లీ గీయడం వల్లా. పదునైన బ్లేడు పెడితే రేజర్ బరువుతోనే పని జరుగుతుంది. చెయ్యి దారి చూపిస్తే చాలు.

## బ్లేడును దేన్ని బట్టి ఎంచాలి

పదును. మొదటి రెండు గీతల్లోనే తెలిసిపోతుంది. గడ్డం కింద, పెదవి మీద లాగినట్టు అనిపిస్తే పదును చాలలేదని అర్థం.

నున్నదనం. పదును వేరు, నున్నదనం వేరు. బ్లేడు అంచు మీద ప్లాటినం, క్రోమియం లాంటి లోహాల పూత వేసి, దాని మీద నాన్‌స్టిక్ పెనానికి ఉండే టెఫ్లాన్ జాతి పూత ఒకటి వేస్తారు. లోహపు పూత అంచును త్వరగా మొద్దుబారనివ్వదు. పై పూత చర్మం మీద జారేలా చేస్తుంది. బాగా పదునుండి కూడా గరుకుగా అనిపించే బ్లేడ్లున్నాయి, పదును కాస్త తగ్గినా వెన్నలా జారేవీ ఉన్నాయి. మైల్డ్ రేజర్ ఆ గరుకుదనాన్ని చాలావరకు తగ్గిస్తుంది గానీ, లేని పదునును తెచ్చివ్వలేదు. రెండింట్లో ఒకటే దొరికేట్టయితే మైల్డ్ రేజర్‌కు పదునునే ఎంచుకోండి.

ఎన్నిసార్లు నిలుస్తుంది. ఒక బ్లేడు మామూలుగా మూడు నుంచి అయిదు షేవింగ్‌లు ఇస్తుంది. బిరుసు గడ్డానికి అంతకంటే తక్కువ. దీని కోసం ఎక్కువ తల పట్టుకోవాల్సిన పని లేదు, ఎందుకంటే మన దేశంలో తయారయ్యే బ్లేడ్లు చాలావరకు ఒక్కోటి పది రూపాయల లోపే దొరుకుతాయి.

దొరకడం. దేవరకొండలోనో, అచ్చంపేటలోనో ఉండేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. చెయ్యికి బాగా అలవాటైన బ్లేడు అయిపోయినప్పుడు వారం రోజులు పార్సిల్ కోసం ఎదురుచూడాల్సి వస్తే ఆ బ్లేడు ఎంత మంచిదైనా ఇబ్బందే. అందుకే మొదటి ఎంపిక ఎప్పుడూ ఊళ్లో దొరికేవాటి నుంచే ఉండాలి. దూరం నుంచి తెప్పించేది రెండోది కావాలి.

## ఒక్కొక్క బ్లేడు సంగతి

సెవెన్ ఓ క్లాక్ సూపర్ ప్లాటినం (నల్ల పాకెట్). జిలెట్ వాళ్లది, మన దేశంలోనే తయారవుతుంది. మైల్డ్ రేజర్ కొన్న ప్రతి ఒక్కరికీ నేను మొదట చెప్పేది ఇదే. పదును బాగుంటుంది, ధర తక్కువ, మిర్యాలగూడ నుంచి గద్వాల దాకా ఏ టౌన్లోనైనా అడిగితే దొరికే అవకాశం ఎక్కువ. కొత్త బ్లేడు మొదటిసారి కాస్త చురుగ్గా అనిపించి, రెండోసారికి సర్దుకుంటుంది. మొదటి షేవింగ్‌లోనే తీర్పు చెప్పకండి. సెవెన్ ఓ క్లాక్ పేరుతోనే వేరే రంగుల పాకెట్లలో వేరే రకాలు కూడా ఉన్నాయి. అవీ ఇదీ ఒకటి కావు. దుకాణంలో రంగు చూసి అడగండి, "సెవెన్ ఓ క్లాక్ ఇయ్యి" అంటే ఏది చేతికొస్తే అది ఇస్తారు.

ఫెదర్. జపాన్‌ది. కత్తుల తయారీకి తరతరాలుగా పేరున్న సెకి పట్టణంలో వీళ్ల ఫ్యాక్టరీ ఉంది. సేఫ్టీ రేజర్ బ్లేడ్లలో దీన్ని మించిన పదును లేదన్నది వాడినవాళ్లు దాదాపు అందరూ ఒప్పుకునే మాట. ఈ పేరు చెప్పగానే భయపడేవాళ్లున్నారు. ఆ భయం ఘాటు రేజర్ వాడేవాళ్లకు తగినదే. మైల్డ్ రేజర్‌లో మాత్రం దీని తీరు వేరు. బ్లేడు బయటికి పెద్దగా రాదు కాబట్టి ఎంత పదునున్నా కోసుకునే అవకాశం తక్కువ, వెంట్రుక మాత్రం ఒక్క గీతకే పోతుంది. బిరుసు గడ్డం, సున్నితమైన చర్మం రెండూ ఉన్నవాళ్లకు మైల్డ్ రేజర్, ఫెదర్ జోడీ కంటే మంచిది నాకు తెలిసి లేదు. లోపాలు రెండు. ఇక్కడి బ్లేడ్ల కంటే ధర కొన్ని రెట్లు ఎక్కువ. పైగా పదును తగ్గడం మొదలైతే ఉన్నట్టుండి తగ్గుతుంది, మూడో షేవింగ్ తర్వాత ఇంకా లాగించాలని చూడకండి.

ఆస్ట్రా సుపీరియర్ ప్లాటినం (పచ్చ డబ్బా). ఇదీ జిలెట్ కుటుంబంలోదే. ఫెదర్ అంత పదును కాదు, డెర్బీ అంత మెత్తనా కాదు. మధ్యస్థంగా ఉండి బాగా నున్నగా జారుతుంది. మామూలు గడ్డం ఉన్నవాళ్లు దీన్ని ఏళ్ల తరబడి మార్చకుండా వాడతారు. బాగా మందమైన గడ్డమైతే మాత్రం మైల్డ్ రేజర్‌లో మూడోసారి గీయాల్సి రావచ్చు. ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరుకుతుంది, చిన్న ఊళ్లలో కష్టం.

విల్కిన్సన్ స్వార్డ్. 1960ల మొదట్లో స్టెయిన్‌లెస్ బ్లేడుతో ప్రపంచాన్ని ఆకట్టుకున్న పేరు ఇది. అంతకు ముందు కార్బన్ స్టీలు బ్లేడ్లు తడికి తుప్పు పట్టేవి. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. యూరప్‌లో ఈ పేరు ఒక కంపెనీది, మన దేశంలో ఇదే పేరుతో అమ్మేది జిలెట్. విదేశాల వాళ్లు "విల్కిన్సన్ ఇలా ఉంది, అలా ఉంది" అని చెప్పేదంతా వాళ్ల దగ్గర దొరికే బ్లేడు గురించి. మన కిరాణంలో దొరికేదానికి ఆ మాటలు వర్తించవు. మన దగ్గరిది పదునులో మధ్యస్థం, నమ్మకంగా పనిచేస్తుంది. సెవెన్ ఓ క్లాక్ దొరకని చోట ఇది తీసుకోవచ్చు.

సూపర్ మాక్స్, టోపాజ్. ఊళ్లో ఏ చిన్న దుకాణంలోనైనా ఉండేవి, మన నాన్నలు వాడినవి. వీటి పేర్లతో చాలా రకాలొస్తాయి కాబట్టి అన్నిటినీ ఒకే గాటన కట్టలేం. ప్లాటినం అని రాసున్నవి మామూలు వాటికంటే మెరుగు. పలచని గడ్డానికి, రోజు విడిచి రోజు గీసుకునేవాళ్లకు చక్కగా సరిపోతాయి. వారం పెరిగిన బిరుసు గడ్డానికి మైల్డ్ రేజర్‌లో పెడితే లాగుతాయి. అది బ్లేడు తప్పు కాదు, జోడీ కుదరకపోవడం. ఇదే బ్లేడు కాస్త ఘాటు రేజర్‌లో హాయిగా తెగుతుంది.

డెర్బీ ఎక్స్‌ట్రా. టర్కీది. మెత్తని బ్లేడుగా పేరు. మైల్డ్ రేజర్ ఉన్నవాళ్లలో అప్పుడప్పుడే గడ్డం వస్తున్న పిల్లలకు, బాగా పలచని వెంట్రుకలున్నవాళ్లకు తప్ప నేను చెప్పను.

| బ్లేడు | పదును | నున్నదనం | ఊళ్లో దొరకడం | మైల్డ్ రేజర్‌లో ఎవరికి |
|---|---|---|---|---|
| సెవెన్ ఓ క్లాక్ సూపర్ ప్లాటినం | ఎక్కువ | బాగుంటుంది | తేలిక | దాదాపు అందరికీ మొదటి ఎంపిక |
| ఫెదర్ | అన్నిటికంటే ఎక్కువ | మైల్డ్ రేజర్‌లో బాగుంటుంది | ఆన్‌లైన్ | బిరుసు గడ్డం, సున్నితమైన చర్మం |
| ఆస్ట్రా సుపీరియర్ ప్లాటినం | మధ్యస్థం కంటే కాస్త ఎక్కువ | చాలా బాగుంటుంది | ఎక్కువగా ఆన్‌లైన్ | మామూలు గడ్డం |
| విల్కిన్సన్ స్వార్డ్ (మన దగ్గరిది) | మధ్యస్థం | బాగుంటుంది | టౌన్లలో | మామూలు గడ్డం |
| సూపర్ మాక్స్, టోపాజ్ ప్లాటినం రకాలు | మధ్యస్థం | రకాన్ని బట్టి | చాలా తేలిక | పలచని గడ్డం, రోజు విడిచి రోజు |
| డెర్బీ ఎక్స్‌ట్రా | తక్కువ | బాగుంటుంది | ఆన్‌లైన్ | బాగా పలచని గడ్డం |

ఈ పట్టికను రాతి మీద గీతగా తీసుకోవద్దు. ఒకే బ్లేడు ఇద్దరు అన్నదమ్ములకు వేరువేరుగా పనిచేయడం మామూలే. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికి మాత్రం ఇది చాలు.

## ఎవరి పరిస్థితిని బట్టి వాళ్లకు

రోజూ గడ్డం గీసుకోక తప్పని ఉద్యోగాలున్నాయి. అన్నెపర్తి పోలీసు బెటాలియన్‌లో పనిచేసే వాళ్లు పొద్దున పరేడ్‌కు నున్నటి ముఖంతో వెళ్లాలి. రోజూ గీసే చర్మానికి మైల్డ్ రేజర్ నిజంగా వరం. వీళ్లకు ఒక్క రోజు గడ్డమే కాబట్టి మరీ ఎక్కువ పదును అక్కర్లేదు. ఆస్ట్రాగానీ సెవెన్ ఓ క్లాక్‌గానీ పెట్టి, వెంట్రుక వాలుకు ఒకసారి, అడ్డంగా ఒకసారి గీస్తే చాలు. ఎదురు గీత మానేస్తే మెడ మీద మంట ఉండదు.

వారానికోసారి, అంగడి రోజుకో పెళ్లికో మాత్రమే గీసుకునే రైతు సంగతి వేరే. గడ్డం పొడవుగా, బిరుసుగా ఉంటుంది. ఫెదర్ గానీ, కొత్త సెవెన్ ఓ క్లాక్ గానీ పెట్టాలి. మైల్డ్ రేజర్ తల ఇరుకుగా ఉంటుంది కాబట్టి ప్రతి రెండు గీతలకూ నీళ్లలో ముంచి ఊపాలి. నెలకు నాలుగే షేవింగ్‌లు కాబట్టి ఖరీదైన బ్లేడు తీసుకున్నా ఖర్చు పెద్దగా తేలదు.

అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ల గురించి విడిగా చెప్పాలి. 41 రోజుల దీక్ష తర్వాత పెరిగిన గడ్డం మీద నేరుగా మైల్డ్ రేజర్ పెడితే ఏ బ్లేడూ సాయపడదు. వెంట్రుకలు తలలో ఇరుక్కుపోతాయి, ముఖమంతా పీకినట్టవుతుంది. ముందు కత్తెరతోనో ట్రిమ్మర్‌తోనో పొట్టిగా చేసి, తర్వాత కొత్త బ్లేడుతో మొదలుపెట్టాలి. ఆ ఒక్క షేవింగ్‌తో ఆ బ్లేడు పని అయిపోయిందనుకుని తీసేయండి.

మొటిమలున్న కాలేజీ పిల్లలు మెత్తని బ్లేడు అడుగుతారు. నా సలహా దీనికి ఎదురే: మైల్డ్ రేజర్, పదునైన బ్లేడు, వాలుకు ఒకే ఒక్క గీత. ఎన్ని గీతలు తగ్గితే మొటిమలకు అంత మంచిది. చీము పట్టిన చోట అసలు గీయొద్దు.

మెడ మీద వెంట్రుకలు లోపలికి తిరిగి గడ్డలు కట్టేవాళ్లకు మరీ నున్నగా గీసుకోవాలన్న పట్టుదలే శత్రువు. ఎదురు గీస్తే వెంట్రుక చర్మం కిందికి తెగి, పెరిగేటప్పుడు లోపలికే పొడుచుకుంటుంది. మైల్డ్ రేజర్ వీళ్ల కోసమే పుట్టిందా అనిపిస్తుంది. చేత్తో ఇష్టంగా నిమిరేంత నున్నదనం రాదు, కానీ గడ్డలు తగ్గుతాయి.

వయసు పైబడిన నాన్నకో తాతకో కొడుకులు గడ్డం గీసే ఇళ్లున్నాయి. ముడతలు పడ్డ వదులు చర్మాన్ని ఒక చేత్తో సున్నితంగా సాగదీసి పట్టుకుని, మరో చేత్తో గీయాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు చిన్న కోతకు కూడా నెత్తురు త్వరగా ఆగదు, అందుకే వాళ్లకు బ్లేడు కంటే ఎలక్ట్రిక్ షేవరే మేలు. చేతులు వణికే పెద్దలు సొంతంగా గీసుకోవాలంటే కార్ట్రిజ్ రేజర్ మేలు.

గడ్డం ఉంచుకుని అంచు లైన్లు తీసుకునేవాళ్లకు మైల్డ్ రేజర్ అంత అనుకూలం కాదు. మూత అంచు బ్లేడును కప్పేస్తుంది కాబట్టి గీత ఎక్కడ పడుతుందో కనిపించదు. ఆ పనికి సెలూన్‌లో సగం బ్లేడు పెట్టే ఉస్తరానే సరి. సెలూన్‌కు పోయినప్పుడు కొత్త బ్లేడు కళ్లముందే విరిచి పెట్టమని అడగండి. హెపటైటిస్, హెచ్ఐవీ లాంటివి నెత్తురు అంటిన బ్లేడు ద్వారా రావచ్చు.

## మన నీళ్లు

నల్లగొండ నీళ్లు అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ఈ జిల్లా పేరే పెట్టారు, పటిక, సున్నం వేసి తేర్చే 'నల్గొండ టెక్నిక్' అది. తాగడానికి ఫ్లోరైడ్ పెద్ద సమస్యే. గడ్డం గీసుకునే నురుగుకు మాత్రం అడ్డం వచ్చేది ఫ్లోరైడ్ కాదు, నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. ఇవి ఎక్కువున్న బోరు నీళ్లలో సబ్బు నురగదు, తెల్లటి తెట్టులా విరుగుతుంది. నురుగు పలచనైతే ఎంత మంచి బ్లేడైనా గరుకుగానే అనిపిస్తుంది, మనం బ్లేడునే తిట్టుకుంటాం.

బ్లేడు మార్చే ముందు ఒకసారి నీళ్లు మార్చి చూడండి. మిషన్ భగీరథ నల్లా నీళ్లో, తాగడానికి తెచ్చుకునే ఫిల్టర్ క్యాన్ నీళ్లో ఒక గ్లాసెడు చాలు. అదే సబ్బు, అదే బ్రష్, అదే బ్లేడు. నురుగు గట్టిపడితే మీ సమస్య బ్లేడు కాదు. ఎండాకాలం మిద్దె మీది ట్యాంకు నీళ్లే వేడిగా వస్తాయి కాబట్టి వేరే కాచుకోనక్కర్లేదు. చలికాలంలో మాత్రం గోరువెచ్చని నీళ్లతో రెండు నిమిషాలు గడ్డాన్ని నానబెట్టడం వెంట్రుకను మెత్తబరుస్తుంది.

బోరు నీళ్లతో కడిగిన బ్లేడు మీద తెల్ల మరకలు పడతాయి. వాటిని తువ్వాలుతో తుడవొద్దు, అంచు మీది పూత దెబ్బతింటుంది, వేలు తెగే ప్రమాదమూ ఉంది. షేవింగ్ అయ్యాక మంచి నీళ్లలో ఒకసారి ముంచి, గట్టిగా విదిలించి, గాలి తగిలేచోట ఆరనివ్వండి. గడ్డం గీశాక సెలూన్‌లో రుద్దినట్టు పటిక రుద్దుకుంటే అదో పరీక్ష కూడా. ఎక్కడ చురుక్కుమంటుందో అక్కడ ఎక్కువ నొక్కారని అర్థం.

## కొనేటప్పుడు, వాడేటప్పుడు

వంద బ్లేడ్ల డబ్బా చవగ్గా వస్తోందని మొదటే కొనకండి. మూడు రకాలు ఒక్కో పాకెట్ చొప్పున తీసుకోండి. నా వరకైతే సెవెన్ ఓ క్లాక్, ఆస్ట్రా, ఫెదర్. ఒక్కో రకం నుంచి రెండేసి బ్లేడ్లు పూర్తిగా వాడి, తర్వాతే తర్వాతి రకానికి వెళ్లండి. ఆ రోజుల్లో సబ్బు, నీళ్లు, రేజర్ మార్చొద్దు. రెండు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

కొత్త బ్లేడు కాగితం మీద మైనపు చుక్కలు కనిపిస్తే కంగారు పడకండి. బ్లేడు అంచు కాగితానికి తగలకుండా పట్టి ఉంచడానికి అలా అతికిస్తారు. నకిలీలు మాత్రం ఉన్నాయి. అక్షరాలు మసకగా అచ్చయినా, ధర మరీ నమ్మలేనంత తక్కువున్నా ఆ దుకాణంలో కొనకండి.

బొంబాయికో గల్ఫ్‌కో విమానంలో వెళ్లేవాళ్లు బ్లేడ్లను చేతి బ్యాగులో పెట్టొద్దు, సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటారు. రేజర్‌లో బ్లేడు బిగించి ఉంచినా అంతే. చెక్-ఇన్ లగేజీలో వేయండి.

వాడేసిన బ్లేడ్లను పెంటకుప్ప మీద పడేయడం మన ఊళ్లలో ఇంకా చూస్తున్నాం. బర్రెలు, ఆవులు మేసే చోటు అది, పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే చోటు. ఖాళీ పౌడర్ డబ్బా గానీ, రేకు డబ్బా గానీ తీసుకుని మూతకు ఒక సన్నని చీలిక పెడితే ఏళ్లకు సరిపడా బ్లేడ్లు అందులో పడతాయి. నిండాక చీలిక మీద టేపు అంటించి, పైన 'బ్లేడ్లు' అని పెద్దగా రాసి, మున్సిపాలిటీ బండి వచ్చినప్పుడు అందులో ఏముందో చెప్పి చేతికివ్వండి.